సెలవు – అనుమతి, తీరిక, వ్యయం: విజయవాడ, కృష్ణా డెల్టా యువత విహార సంస్కృతి

వ్యాససంగ్రహం

విజయవాడ నగరంలోను, కృష్ణా డెల్టా గ్రామాల్లోను పెరిగిన యువతీయువకులు తీరిక వేళల్లో ఎక్కడికి వెళ్తారు, ఏ కళలను, ఏ వినోదాలను ఇష్టపడతారు అన్నది సాధారణంగా వ్యక్తిగత అభిరుచికి సంబంధించిన విషయంగా భావిస్తారు. ఇంటి అనుమతి, చేతిలోని డబ్బు, నడిచి చేరగల బహిరంగ స్థలం అనే మూడు అంశాలు ఆ అభిరుచిని ఎలా తీర్చిదిద్దుతాయో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ ప్రాంతంలో యువత విహారం చాలాకాలం గుడి, చదువు, పండుగ వంటి సమాజామోదం పొందిన పనుల చాటున సాగింది. ఆ చాటును కల్పించిన స్థలాలు తగ్గినప్పుడు ఎక్కువగా నష్టపోయేది డబ్బు లేనివారు, అనుమతి దొరకనివారు అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సెలవు, విహారం, యువత, విజయవాడ, కృష్ణా డెల్టా, గ్రంథాలయోద్యమం, సినిమా, వసతిగృహం, బహిరంగ స్థలం.

1. ఉపోద్ఘాతం

యువత తీరికను గురించిన చర్చ తెలుగులో ఎక్కువగా రెండు ధోరణుల్లో సాగుతుంది. ఒకటి, యువత చెడిపోతున్నదన్న ఆందోళన. రెండవది, కాలం మారింది కాబట్టి అభిరుచులూ మారాయన్న సర్దుబాటు. ఈ రెండింటికీ ఆధారం ఒకే ఊహ: యువతకు తన తీరికను ఎంచుకొనే స్వేచ్ఛ ఉన్నదని. ఆ స్వేచ్ఛ ఎవరికి ఎంత మేరకు ఉన్నదన్న ప్రశ్న ముందుగా అడగవలసినది.

ఈ ప్రశ్నకు విజయవాడ మంచి అధ్యయన క్షేత్రం. 1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్ట చుట్టూ ఉన్న పల్లెలను కాలువల డెల్టాగా మార్చింది. ఆ ఆనకట్ట స్థానంలో 1957 నాటికి ప్రకాశం బ్యారేజీ నిర్మాణం పూర్తయింది. బందరు, ఏలూరు, రైవస్ కాలువలు నగరం గుండానే సాగుతాయి. రైల్వే కూడలిగా, వాణిజ్య కేంద్రంగా, సినిమా పంపిణీ కేంద్రంగా, చివరకు కళాశాలల కేంద్రంగా నగరం ఎదిగింది. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనతో విజయవాడ ఎన్.టి.ఆర్. జిల్లాకు, మచిలీపట్నం కృష్ణా జిల్లాకు కేంద్రాలయ్యాయి. పాలనాపరమైన హద్దులు మారినా డెల్టా పల్లెల యువతకు చదువుకైనా, సినిమాకైనా, కొనుగోలుకైనా విజయవాడే గమ్యంగా ఉన్నది.

2. మాటల్లో దాగిన నీతి

విహారం పట్ల సమాజ వైఖరి ముందుగా మాటల్లో కనిపిస్తుంది. తీరికగా బయటికి వెళ్ళడాన్ని గౌరవంగా చెప్పే మాటలు తెలుగులో ఎక్కువగా పై వర్గాల జీవితం నుండి వచ్చాయి. 'వాహ్యాళి' మొదట గుర్రపు స్వారీకి సంబంధించిన మాట. 'షికారు' వేటను సూచించే పారశీక పదం. ఈ రెండూ కాలక్రమంలో సాయంకాలపు నడకను తెలిపే మాటలయ్యాయి. సామాన్యుల నడకకు మాత్రం మిగిలినది 'తిరుగుడు'. 'ఊరు తిరగడం', 'బలాదూరు తిరగడం' అనే పలుకుబళ్ళలో నింద ఉన్నది. 'తిరుగుబోతు' అనే మాటలో ఆ నింద శీలానికి కూడా తగులుతుంది. బయటికి వెళ్ళబోయే పిల్లలను పెద్దలు 'ఇప్పుడు ఏం రాచకార్యం ఉంది?' అని అడుగుతారు. రాజుకు కారణం లేకుండా వాహ్యాళి ఉండవచ్చు. సామాన్యుని బిడ్డ గడప దాటడానికి మాత్రం ఒక కార్యం చూపాలి.

'సెలవు' అనే పదం ఈ పరిస్థితిని మరింత స్పష్టంగా తెలుపుతుంది. నేటి వాడుకలో దానికి పని లేని రోజు అన్నది ప్రధానార్థం. అయితే 'సెలవు తీసుకొను', 'సెలవు ఇప్పించు' వంటి ప్రయోగాల్లో దాని అర్థం అనుమతి. పాత తెలుగులో వ్యయం అనే అర్థం కూడా దీనికి ఉన్నది. 'సెలవు చేయు' అంటే ఖర్చు చేయడం. తీరిక, అనుమతి, వ్యయం అనే మూడర్థాలు ఒకే పదంలో నిలవడం భాషాపరంగా యాదృచ్ఛికమే కావచ్చు. కాని యువత విహారాన్ని పరిశీలించడానికి ఈ మూడూ తగిన కొలమానాలు. తీరిక ఉన్నవారందరికీ అనుమతి ఉండదు. అనుమతి ఉన్నవారందరికీ వ్యయశక్తి ఉండదు.

ఈ ఇబ్బందికి సమాజంలోనే ఒక పరిష్కారం ఏర్పడింది. 'స్వామికార్యం, స్వకార్యం' అన్న నానుడి దానిని తెలుపుతుంది. అప్పగించిన పని మీద వెళ్తూ తన పని కూడా చక్కబెట్టుకోవడం దాని భావం. కృష్ణా డెల్టా యువత విహారచరిత్రను ఈ నానుడికి వ్యాఖ్యానంగా చూడవచ్చు.

3. గుడి, తిరునాళ్ళు, స్నానఘట్టం

ఎవరూ కాదనలేని స్వామికార్యం దైవదర్శనం. దసరా నవరాత్రుల్లో మూలా నక్షత్రం నాడు ఇంద్రకీలాద్రిపై కనకదుర్గమ్మను సరస్వతీదేవిగా అలంకరిస్తారు. ఆ రోజు విద్యార్థులు పెద్ద సంఖ్యలో కొండకు వస్తారు. మాఘపూర్ణిమకు కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవిలో స్నానాలు జరుగుతాయి. పెదకళ్ళేపల్లి శివరాత్రి, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళు ఇటువంటివే. వీటిలో భక్తి నిజం; భక్తితో పాటు సాగే స్నేహితుల కలయిక, గాజుల కొట్ల ముందు బేరాలు, రాత్రంతా సాగే నాటకాలు కూడా అంతే నిజం. యువతులకు ఇవి చాలాకాలం ఇంటి బయట గడపడానికి నిందలేని అవకాశాలుగా ఉండేవి.

దైవకార్యం కోసం ఏర్పడిన స్థలం తరువాత అందరి విహారస్థలంగా మారడం ఈ ప్రాంతంలో గమనించదగిన పరిణామం. 2016 ఆగస్టు 12 నుండి 23 వరకు జరిగిన కృష్ణా పుష్కరాలకు నగరంలో స్నానఘట్టాలను విస్తరించారు, కొత్తగా నిర్మించారు. పుష్కరం పన్నెండు రోజుల్లో ముగిసింది. పున్నమి ఘాట్, పద్మావతి ఘాట్ వంటివి మాత్రం సాయంకాలపు నడకలకు మిగిలాయి. ఇబ్రహీంపట్నం వద్ద పట్టిసీమ నుండి వచ్చిన గోదావరి జలాలు కృష్ణలో కలిసే చోటు పవిత్ర సంగమంగా పేరు పొంది, వారాంతపు సందర్శన స్థలమైంది. ఘాట్ మెట్ల మీద కూర్చోవడానికి ప్రత్యేకంగా కొనవలసినదేమీ లేదు. 'నది దగ్గరకు వెళ్ళివస్తాం' అన్న మాటకు ఇంట్లో అంతగా అభ్యంతరమూ ఉండదు. అనుమతి, వ్యయం అనే రెండు అడ్డంకులూ ఒకేసారి తగ్గిన స్థలాలివి.

నెపం అందరికీ ఒకే రకంగా ఉపయోగపడదన్నదానికి కార్తీక వనభోజనాలు ఉదాహరణ. తోటలో ఉసిరిచెట్టు నీడన కలిసి భోజనం చేయడం పాత ఆచారం. ఇటీవలి దశాబ్దాల్లో విజయవాడ, గుంటూరు పరిసరాల తోటల్లో కార్తీక ఆదివారాల్లో ఇవి కులసంఘాల పేరిట జరగడం పరిపాటి అయింది. ఆటలు, పాటలు, సంబంధాల వాకబులు అక్కడే సాగుతాయి. యువతకు ఇది ఇంటివారే ఏర్పాటు చేసిన విహారం. అయితే ఆ తోటలోకి సహాధ్యాయిని వెంటబెట్టుకొని వెళ్ళాలంటే కులం అడ్డు వస్తుంది. అనుమతి సులువుగా దొరికిన చోట స్నేహానికి హద్దులు ఏర్పడ్డాయి.

4. చదువు అనే ఆధారం

దైవం తరువాత కాదనలేని స్వామికార్యం చదువు. ఈ విషయంలో విజయవాడకు విశిష్టమైన వారసత్వం ఉన్నది. 1914 ఏప్రిల్ 10న రామమోహన గ్రంథాలయంలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి సభ జరిగింది. దీనికి కారకులు అయ్యంకి వెంకటరమణయ్య. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా పశ్చిమ డెల్టా కాలువ మీద పడవ గ్రంథాలయాన్ని నడిపించారు. సాగునీటికి తవ్విన కాలువ పుస్తకానికి దారి కావడం డెల్టా సాంస్కృతిక చరిత్రలో ముఖ్యమైన ఘట్టం. చదువరి గడప దాటనక్కరలేకుండా పుస్తకమే ఊరి రేవుకు వచ్చింది. సెలవు దొరకనివారికి కూడా పుస్తకం దగ్గరైంది.

గ్రంథాలయం చదువుకొనే చోటే కాక కూర్చొనే చోటు కూడా. పత్రికల బల్ల దగ్గర కలిసినవారి మధ్య రాజకీయం, సాహిత్యం, సినిమా చర్చకు వచ్చేవి. ఏలూరు రోడ్డులోని పుస్తక విక్రయశాలలు, లెనిన్ సెంటర్ దగ్గరి పాత పుస్తకాల కొట్లు ఈ పాత్రను కొనసాగించాయి. 'పుస్తకం కొనడానికి' అన్న మాటకు ఇంట్లో డబ్బు, సమయం రెండూ దొరికేవి. కొన్నది పాఠ్యపుస్తకమైనా, అక్కడ తిరగేసిన నవల అభిరుచిని పెంచేది.

కళాశాల కూడా ఇటువంటి ఆశ్రయాన్నే ఇచ్చింది. 1937లో ప్రారంభమైన ఎస్.ఆర్.ఆర్. కళాశాలలో విశ్వనాథ సత్యనారాయణ అధ్యాపకులుగా ఉన్నారు. ఎన్.టి. రామారావు అక్కడి విద్యార్థిగా నాటకాల్లో నటించారు. ఇంట్లో వ్యర్థమనిపించే నాటకం కళాశాల వార్షికోత్సవంలో భాగమైతే గౌరవప్రదమయ్యేది. యువతులకు సంగీత, నృత్య శిక్షణ ఇదే రీతిలో తోడ్పడింది. మొవ్వ మండలంలోని కూచిపూడి నుండి విజయవాడ తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రం వేదిక వరకు సాగే ప్రయాణం కళాసాధన. అదే సమయంలో సహచరులతో గడిపే తీరిక కూడా.

ఈ సంప్రదాయానికి నేటి ప్రధాన రూపం ప్రతి ఏటా జనవరి తొలి రోజుల్లో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవం. దానిలో భాగంగా పుస్తకప్రియుల పాదయాత్ర జరుగుతుంది. ప్రదర్శనకు వచ్చినవారిలో అందరూ పుస్తకాలు కొనరు. మిత్రులను కలిసేవారు, సభలో వక్తల మాటలు వినేవారు, మిరపకాయ బజ్జీల కోసం వచ్చేవారు అందరూ అక్కడ ఉంటారు. ఈ కలగలుపే దాని బలం.

ఈ మహోత్సవానికి చాలా ఏళ్ళు వేదికగా ఉన్నది పి.డబ్ల్యు.డి. మైదానంగా కూడా పిలిచే స్వరాజ్య మైదానం. నగరం నడిబొడ్డునున్న ఆ స్థలంలో 2024 జనవరి 19న 125 అడుగుల అంబేద్కర్ విగ్రహంతో కూడిన స్మృతివనం ప్రారంభమైంది. 2025 జనవరిలో 35వ పుస్తక మహోత్సవం ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియంలో జరిగింది. ఈ మార్పును కేవలం నష్టంగా చెప్పడం సరికాదు. చాలామంది విద్యార్థులకు, ముఖ్యంగా దళిత యువతకు, స్మృతివనం ఆత్మగౌరవ స్థలం. అక్కడికి వెళ్ళడం నివాళి, విహారం రెండూ అవుతాయి. ఒక సామాజిక ప్రయోజనం మరొక సామాజిక ప్రయోజనానికి చోటిచ్చింది. అయితే సభలకు, ప్రదర్శనలకు, ఆటలకు వేళను బట్టి మారగలిగిన ఖాళీ మైదానం నగరం మధ్యలో ఒకటి తగ్గిందన్నది కూడా వాస్తవం.

5. సినిమా: చాటు నుండి వెలుగులోకి

1921లో పోతిన శ్రీనివాసరావు విజయవాడలో నిర్మించిన మారుతి సినిమా ఆంధ్రప్రాంతంలో తొలి శాశ్వత సినిమాశాలగా ప్రసిద్ధం. తరువాత గాంధీనగర్ సినిమా పంపిణీ సంస్థలకు కేంద్రమైంది. సినిమా మొదట పూర్తిగా స్వకార్యం. అందువల్ల దానికీ ఒక స్వామికార్యం అవసరమైంది. పౌరాణిక చిత్రాలు ఆ అవసరాన్ని తీర్చాయి. 1963లో విడుదలైన 'లవకుశ' వంటి చిత్రాలకు పల్లెల నుండి కుటుంబాలు బండ్లు కట్టుకొని వచ్చిన సంగతి తెలుగు ప్రజల జ్ఞాపకాల్లో ఉన్నది. సీతారాముల కథ చూడటానికి వెళ్ళే కోడలిని ఆపడం అత్తగారికి కష్టం.

పాత సినిమాశాలలో నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ అనే తరగతులు ఉండేవి. ఇది సామాజిక అంతరాన్ని చూపే విభజన. అయినా రిక్షా కార్మికుడు, కళాశాల విద్యార్థి, వ్యాపారి ఒకే కప్పు కింద ఒకే పాటకు స్పందించే వీలు అక్కడ ఉండేది. తరువాత వచ్చిన బహుళ తెరల సముదాయాల్లో సౌకర్యం, శుభ్రత, యువతులకు కొంత భద్రత పెరిగాయి. కాని నేల తరగతి వంటి అతిచౌక ప్రవేశం అక్కడ లేదు. టికెట్టుకు తోడు తినుబండారాల ధర కూడా విద్యార్థి లెక్కలో చేరింది. రాష్ట్రంలో 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం సినిమా టికెట్ల ధరలను నిర్ణయించడం, దానిపై వివాదం, 2022 మార్చిలో కొత్త ధరల ప్రకటన జరిగాయి. సామాన్యుని వినోదానికి ఎంత ఖర్చు తగునన్న ప్రశ్న పాలనా విషయమైన సందర్భమది.

6. గడప దాటని విహారం

అనుమతి దొరకనివారికి ఇంటిలోనే విహారం కల్పించిన సాధనం రేడియో. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న ప్రారంభమైంది. ఆదివారం మధ్యాహ్నపు నాటకం, సినిమా పాటలు, యువజనుల కార్యక్రమాలు వినడానికి ఎవరి సెలవూ అక్కరలేదు. బియ్యం ఏరుతూ, బట్టలు మడతపెడుతూ వినవచ్చు. ఇంటిపని స్వామికార్యం, నాటకం స్వకార్యం.

నేటి యువతకు ఆ స్థానంలో చేతిఫోను ఉన్నది. దానివల్ల కొరియా ధారావాహికలు, మలయాళ చిత్రాలు, అన్నమయ్య కీర్తనలు, ర్యాప్ పాటలు ఒకే విద్యార్థిని అభిరుచిలో ఇమడగలుగుతున్నాయి. అభిరుచి పరిధి గత తరాలు ఊహించనంతగా విస్తరించింది. అయితే రేడియో నాటకాన్ని ఇల్లంతా కలిసి వినేది. ఫోను చెవిలో ఒక్కరికే పలుకుతుంది. అభిరుచి విస్తరించినా దానిని పంచుకొనే స్థలం అదే మేరకు విస్తరించలేదు.

7. 'ఔటింగ్' – వసతిగృహపు నిఘంటువు

1977లో విజయవాడలో వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజనీరింగ్ కళాశాల ప్రారంభమైంది. తరువాతి దశాబ్దాల్లో ఇంటర్మీడియట్ శిక్షణకు, ప్రవేశపరీక్షల చదువుకు నగరం రాష్ట్రవ్యాప్తంగా పేరు పొందింది. నగరంలోను, శివార్లలోను వసతిగృహాలు విస్తరించాయి. అంతవరకు విహారానికి ఆధారమిచ్చిన చదువు ఇక్కడ దానికి ఎదురు నిలిచింది.

వసతిగృహాల వాడుకలో 'ఔటింగ్' అనే ఆంగ్లపదానికి విచిత్రమైన అర్థం వచ్చింది. 'ఈ ఆదివారం ఔటింగ్ ఉందా?' అన్న ప్రశ్నకు, ఎక్కడికి వెళ్తున్నారన్నది అర్థం కాదు. బయటికి వదులుతారా అన్నది అర్థం. 'ఔటింగ్ ఇచ్చారు', 'ఔటింగ్ ఆపేశారు' అనే ప్రయోగాల్లో ఈ పదం పూర్తిగా 'సెలవు' అనే పాత తెలుగు మాట అర్థాన్ని సంతరించుకొన్నది. ఆంగ్లంలో విహారాన్ని సూచించే మాట తెలుగు నేలపై అనుమతిని సూచించే మాటగా మారడం సమాజ వైఖరికి భాష ఇచ్చిన సాక్ష్యం.

విహారపు దిశ కూడా తలకిందులైంది. పూర్వం ఆదివారం యువత బయటికి వెళ్ళేది; ఇప్పుడు తల్లిదండ్రులు క్యారేజీలు సర్దుకొని పిల్లల దగ్గరకు వస్తారు. వసతిగృహపు ఆవరణలోనో, గేటు బయటి చెట్టు కిందనో ఆ అన్నం విప్పుతారు. చాలా డెల్టా కుటుంబాలకు ఆ రెండేళ్ళు ఆదివారపు ప్రయాణమంటే ఇదే. పదహారు, పదిహేడేళ్ళ వయసులో తాను నివసిస్తున్న నగరపు నదిని, పుస్తకాల వీధిని, నాటకశాలను చూడకుండానే ఒక విద్యార్థి అక్కడి నుండి వెళ్ళిపోవడం సాధ్యమే. అభిరుచి ఏర్పడే వయసులో దానికి ఆధారమైన నగరం ఆ విద్యార్థికి అందలేదు.

8. నెపం అక్కరలేని వారాంతం

ఉద్యోగం, సంపాదన, ద్విచక్ర వాహనం ఉన్న యువతకు నేడు వారాంతం ప్రత్యేక విభాగంగా ఏర్పడింది. బందరు రోడ్డులోని మాల్, రాత్రి తిండి వీధి, భవానీ ద్వీపానికి పడవ, ఉండవల్లి గుహలు, కొండపల్లి కోట, తెనాలి మీదుగా బాపట్ల వెళ్ళి చేరే సూర్యలంక తీరం వారి పట్టికలో ఉంటాయి. 'సరదాగా వెళ్తున్నాం' అని చెప్పగలగడం చిన్న మార్పు కాదు. విహారం తానే ఒక కార్యమైంది. యువతులు స్నేహితులతో కలిసి, ఏ వ్రతం పేరు చెప్పకుండా ఒక సాయంత్రం గడపగలగడం ఈ తరం సాధించిన హక్కు.

కాని ఈ హక్కు వ్యయంతో ముడిపడి ఉన్నది. కాఫీ దుకాణంలో కుర్చీకి అద్దె కాఫీ ధరలో కలిసి ఉంటుంది. పునుగుల బండి దగ్గర నిలబడి మాట్లాడుకొనేవారికి వేళాపాళా ఉండదు. అయితే రాత్రివేళ ఆ రోడ్డు పక్కన యువతికి అదే నిశ్చింత ఉండదు. చౌక అయిన చోట భద్రత తక్కువ, భద్రత ఉన్న చోట ఖర్చు ఎక్కువ. ఈ రెండింటి నడుమ గ్రంథాలయం, స్నానఘట్టం, ప్రదర్శన మైదానం వంటి స్థలాల విలువ తెలుస్తుంది.

9. ముగింపు

పై పరిశీలన నుండి మూడు విషయాలను గ్రహించవచ్చు. మొదటిది, కృష్ణా డెల్టాలో యువత సాంస్కృతిక అభిరుచి చాలావరకు మరొక పని మీద వెళ్ళిన చోట ఏర్పడింది. గుడికి వెళ్ళినవారు నాటకం చూశారు. పాఠ్యపుస్తకానికి వెళ్ళినవారు నవల తిరగేశారు. రెండవది, నెపాన్ని కపటంగా మాత్రమే చూడరాదు. స్వేచ్ఛ లేని చోట అది స్వేచ్ఛకు మర్యాద గల రూపం. మూడవది, నెపం అవసరం లేని వారాంతం కొందరికే దక్కింది. మిగిలినవారికి పాత ఆధారాలు ఇంకా అవసరమే.

అందువల్ల గ్రంథాలయంలో పఠన వేళలు, ఘాట్‌లలో దీపాలు, మరుగుదొడ్లు, సభలకు అందుబాటులో ఉండే మైదానం, వసతిగృహ విద్యార్థులకు నగరంలో గడిపే ఒక పూట అనేవి వినోదానికి మాత్రమే సంబంధించిన చిన్న విషయాలు కావు. సాహిత్యానికి పాఠకులను, నాటకానికి ప్రేక్షకులను తయారుచేసే ఏర్పాట్లు. 2028లో కృష్ణా పుష్కరాలు మళ్ళీ రానున్నాయి. ఆ పన్నెండు రోజుల కోసం కట్టబోయే మెట్లు తరువాతి పన్నెండేళ్ళ సాయంకాలాలకు కూడా పనికివచ్చేలా ఆలోచిస్తే, స్వామికార్యంతో పాటు యువత స్వకార్యం కూడా నెరవేరుతుంది.